మేత పడవ దిగే వేళ

నేను పని మానేసిన రోజున ఆఫీసులో మెడలో ఒక దండ వేసి, చేతిలో గోడ గడియారం పెట్టి, నా గురించి నాలుగు మాటలు చెప్పమని అందరినీ అడిగారు. లేచినవాడు లేచినట్టు నా టిఫిన్ గురించే మాట్లాడాడు. పెదపాడులో పెసరట్టు ఏ బండి మీద బాగుంటుందో, గూడెం బస్టాండు పక్కన ఇడ్లీలోకి అల్లం చట్నీ ఎవరు వేస్తారో, కొల్లేటి గట్ల మీద తిరిగేవాడికి ఏ మలుపు దగ్గర ఆకలేస్తుందో ఈయన్ని అడిగి తెలుసుకోవాలన్నారు. నేను బాగుచేసిన పెట్టె ఒక్కటి కూడా ఎవరికీ గుర్తు రాలేదు. బాధపడదామనుకున్నాను. తీరా ఆలోచిస్తే నాకూ గుర్తు రాలేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంది. అది బాగుపడింది నేను టిఫిన్ తినని రోజున.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు చదువుతారని రాస్తున్నాను. మీరందరూ నాకంటే చదువుకున్నవాళ్లే. అందుకు పెద్దగా కష్టపడక్కర్లేదు, తొమ్మిదో తరగతిలో కూర్చుంటే చాలు, నన్ను దాటేసినట్టే. ఎనిమిదిలో మా లెక్కల మాస్టారికి నామీద నమ్మకం పోయింది, నాకు లెక్కల మీద పోయింది, ఇద్దరం మర్యాదగా విడిపోయాం. ఆ తర్వాత ఏలూరులో ఒక రేడియో షాపులో కూర్చున్నాను. రేడియోలు పోయాయి, టీవీలొచ్చాయి. టీవీలు సన్నబడి గోడకెక్కాక జనం బాగుచేయించుకోవడం మానేశారు, కొత్తది కొనుక్కుంటున్నారు. అప్పుడు చేపల చెరువుల దగ్గర యంత్రాలు బిగించే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫీల్డ్ టెక్నీషియన్ అని కార్డు ఇచ్చారు. ఫీల్డ్ అంటే గట్టు. టెక్నీషియన్ అంటే ఎండలో నిలబడి ఫోన్లో తిట్లు తినేవాడు.

మేము బిగించే పెట్టె సంగతి చెప్పాలి. లోపల సిగరెట్టు పెట్టెంత బోర్డు ఒకటుంటుంది. అదే కంప్యూటరు. తెర లేదు, మీటలు లేవు. దాని ప్రాణమంతా గోరంత మెమొరీ కార్డులో ఉంటుంది. పెట్టెలోంచి ఒక తీగ చెరువులోకి వెళ్తుంది, ఆ తీగ చివర నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సర్ వేలాడుతుంది. ఆక్సిజన్ తగ్గితే షెడ్డులో సైరన్ మోగుతుంది. వెంటనే ఏరియేటర్లు వేస్తే, ఆ చక్రాలు నీళ్లను చిలికి గాలి కలుపుతాయి. ముసురు పట్టిన రోజుల్లో తెల్లారగట్ట ఆక్సిజన్ పడిపోతుంది. శీలావతి, బొచ్చె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ సమయానికి మనిషి లేచి ఉంటే సరి. లేకపోతే, ఎండొచ్చేసరికి చెరువంతా తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు ఒకసారి చూసినవాడు ఇంకోసారి చూడాలనుకోడు.

పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్తే ఒక చెరువుంది. దాని యజమాని తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ షాపు షావుకారు. మెత్తగా మాట్లాడే మనిషి. కోపమొచ్చినా ‘అండీ’ తగ్గదు. చెరువు మీద కాపలా ఒక పెద్దాయన. షావుకారు తండ్రిగారి రోజుల్నుంచీ ఆ గట్టు మీదే ఉన్నాడు. ఆయన కళ్లకి మసక కమ్మింది. నీటికాసులు, నరం దెబ్బతింది, ఆపరేషన్ చేసినా లాభం లేదని ఏలూరు డాక్టరు తేల్చేశాడట.

మొదటిరోజున షావుకారు నన్ను గట్టు చివరికి తీసుకెళ్లి, పెద్దాయనకి వినపడకుండా అన్నాడు.

“చూడండీ, ఆయన్ని పొమ్మనడానికి నాకు నోరు రాదు. నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. కానీ తెల్లారగట్ట చేప తేలితే ఆయనకి కనబడటం లేదండీ. పోయినసారి నీళ్ల చప్పుడు విని లేచారు కాబట్టి సగం దక్కింది. మీ సైరన్ మోగితే ఆయన ఉంటారు. మోగకపోతే ముసుర్లు పట్టేలోపు కళ్లున్న మనిషిని పెట్టుకుంటాను. ఏవనుకోకండి.”

నేనేమీ అనుకోలేదు గానీ, షెడ్డు దగ్గరికొచ్చేసరికి పెద్దాయన నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. కళ్లు మసకేసినవాళ్లకి చెవులెంత దూరం వెళ్తాయో షావుకారుకి తెలీదు.

“పైన కామవరపుకోటలో మా అమ్మాయి ఉందండీ,” అన్నాడు నాతో. “రమ్మనే అంటోంది. మంచి పిల్ల. కానీ అక్కడ ఎటు చూసినా పొడి నేలే కదండీ. నీళ్ల చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు. మీ పెట్టె తొందరగా ఎక్కించెయ్యండి.”

ఏ చెరువుకెళ్లినా కాపలావాళ్లు మా పెట్టెని సవతిని చూసినట్టు చూసేవాళ్లు. ఇది మా పొట్ట కొట్టడానికొచ్చిందనేవాళ్లు. పెట్టె పనిచేస్తే తన పని నిలబడుతుందని ఎదురుచూసిన మనిషిని ఆయన్నొక్కడినే చూశాను. అదిగో, సరిగ్గా ఆయన దగ్గరే పెట్టె మొరాయించింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని నాది కాదు. దానికి మా ఆఫీసులో ఒక ఇంజనీరమ్మాయి ఉండేది. గూడెంలో చదువుకుంది. వాళ్లది ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబం. వాళ్ల నాన్నగారు చెవి దగ్గర పోగు మీటి, చప్పుడు విని ముడి బిగిసిందో లేదో చెప్పేవారట. ఆ అమ్మాయికి కూడా ఆ ఓపికే వచ్చింది. నేను ఒక స్క్రూ పడకపోతే దాని అమ్మానాన్నలందరినీ తలుచుకునేవాణ్ని. ఆ అమ్మాయి మాత్రం ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, నల్ల తెర మీద పరిగెత్తే అక్షరాల్ని చూస్తూ ఉండేది.

“ఏమంటోందమ్మా?” అని అడిగేవాణ్ని.

“సగంలో ఆగిపోయానంటోంది అంకుల్. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టమంటోంది.”

“ఆ ముక్క మా ఆవిడా అంటుంది. దానికి నీకంత చదువెందుకు?”

ఆఫీసులో ఎక్కించగలిగినంతా ఎక్కించి తెచ్చేవాళ్లం. సెన్సర్ సాఫ్ట్‌వేర్ మాత్రం సెన్సర్ని నీళ్లలో దించి, అక్కడే ఎక్కించాలి. గట్టు మీద సిగ్నల్ సంగతి మీకు తెలియంది కాదు. గాలి ఒక వైపు నుంచి వీస్తే వస్తుంది, ఇంకో వైపు నుంచి వీస్తే పోతుంది. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నందాకా నెమ్మదిగా దిగుతూ ఉండేది. అంతసేపు దాని మొహం చూస్తూ కూర్చోవడం ఎందుకని, అది మొదలవగానే ఇద్దరం సెంటర్‌కి టిఫిన్‌కి వెళ్లేవాళ్లం. తిని వచ్చేసరికి ఎర్ర దీపం వెలుగుతూనే ఉండేది, లోపల మాత్రం సగంలో ఆగిపోయి ఉండేది. మళ్లీ ఎక్కించాలని చూస్తే కార్డుని బోర్డు చదవదు.

మొదట కార్డు మీద అనుమానపడ్డాం. నాసిరకం అనుకుని మంచిది కొన్నాం. అదీ అంతే. తర్వాత చార్జర్ మీద. ఫోన్ చార్జర్‌తో ఆ బోర్డుకి కడుపు నిండదట, దానికి సరిపడేది తెప్పించింది అమ్మాయి. అదీ అంతే. ఎండకి పెట్టె కాగిపోతోందని నేను తాటాకు కప్పాను. కింద నీడగా ఉందని ఒక బల్లి కాపురం పెట్టింది తప్ప ఇంకేమీ జరగలేదు. ఆఖరికి కరెంటు మీదకొచ్చాం. ఆ ఊళ్లో కరెంటు వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి ఒక ఇన్వర్టరు మోసుకొచ్చాను. నడుం ఇప్పటికీ దాన్ని తలుచుకుంటూ ఉంటుంది. పెట్టెని ఇన్వర్టరుకి తగిలించాం. ఇక ఊరంతా చీకటైనా నా పెట్టెకి ఢోకా లేదని పెద్దాయనతో గొప్పలు చెప్పి టిఫిన్‌కి వెళ్లాను.

వచ్చేసరికి అదీ అంతే.

వెళ్లినప్పుడల్లా పెద్దాయన ఒకటే మాట. “ఎక్కిందా అండీ?”

“ఎక్కుతోందండీ బాబాయ్‌గారూ.”

“ఎక్కనివ్వండి, ఎక్కనివ్వండి.” కొబ్బరిచెట్టు ఎక్కేవాణ్ని చూసినట్టు తల పైకెత్తి అనేవాడు.

ఆ అమ్మాయికి ఒక ఆనవాలు దొరికింది. ఆ బోర్డుకి తనదైన గడియారం లేదు. కరెంటు పూర్తిగా ఆగిపోతే టైము మర్చిపోతుంది, లేచాక ఇంటర్నెట్‌ని అడిగి తెలుసుకుంటుంది.

“ఇది పాత తేదీ చూపిస్తోంది అంకుల్. మధ్యలో ఒకసారి పూర్తిగా ఆగి లేచింది. రాస్తుండగా చేతిలోంచి పలక లాక్కున్నట్టు, అందుకే కార్డు చెడిపోతోంది.”

“ఇన్వర్టరుండగా ఎలా ఆగుతుందమ్మా? అయినా తేదీ మర్చిపోవడం జబ్బేం కాదు. ఆదివారం పొద్దున లేస్తే నాకూ తెలీదు.”

“మీరు ఎప్పుడు లేచినా ఒకే జోకు వేస్తారు అంకుల్. మీ కార్డు కూడా మార్చాలి.”

నిజం చెప్పాలంటే అప్పటికి నా జోకులు నాకే అలుపుగా ఉన్నాయి. మోకాళ్లు గట్టెక్కడానికి ఒప్పుకోవడం లేదు. బండి మీద ఏలూరు నుంచి అక్కడిదాకా వెళ్లడం, గోరంత కార్డు చెడిపోవడం, మళ్లీ వెనక్కి రావడం. టీవీ అయితే విప్పితే ఏదో ఒకటి కాలి కనబడుతుంది, వాసనన్నా వస్తుంది. దీంట్లో ఏమీ కాలదు, ఏమీ వాసన రాదు. పనిచేయదు, అంతే. ఇన్వర్టరు మార్చాం. ఇంకోటీ అంతే. మా మేనేజరు ఫోన్ చేసి, ఈసారి కాకపోతే పెట్టె విప్పి తెచ్చేయమన్నాడు. ఆకాశం చూస్తే నైరుతి మూల నల్లగా ఉంది. షావుకారు కూడా ఫోన్ చేశాడు. మెత్తగానే అడిగాడు.

“ఏవండీ, ముసురొచ్చేలా ఉంది. నేను ఇంకో మనిషితో మాట్లాడుకోమంటారా?”

“ఈ ఒక్కసారి చూడండి షావుకారుగారూ,” అన్నాను. ఏం చూసుకుని అన్నానో నాకూ తెలీదు.

ఆ ఆఖరిసారి వెళ్లిన రోజున నాకు షుగర్ టెస్టు ఉంది. పరగడుపున రక్తమివ్వాలి. పొద్దున ల్యాబ్‌కి వెళ్తే, మనిషి ఆలస్యంగా వస్తాడు, అప్పటిదాకా ఏమీ తినకండన్నారు. ఇక్కడ పని ఆగదు కదా అని ఖాళీ కడుపుతో గట్టు మీదకొచ్చాను, వెనక్కి వెళ్లాక ఇద్దామని. అమ్మాయి కొత్త కార్డు వేసి, సెన్సర్ నీళ్లలో దించి, పని మొదలుపెట్టింది.

“రండి అంకుల్, టిఫిన్‌కి.”

“నువ్వెళ్లి రా అమ్మా. ఇవాళ నా రక్తానికి పరీక్ష.”

“మీరు టిఫిన్ మానేశారా? ఉండండి, ఫోటో తీసుకుంటాను.” నిజంగానే తీసి, స్కూటీ మీద వెళ్లింది.

నేను షెడ్డులో నులకమంచం మీద వాలాను. సన్నగా తుంపర మొదలైంది. అవతల మేత పడవకి తవుడు సంచులు ఎక్కిస్తున్నారు. మా వైపు చేపలకి మేత చల్లడం కాదు. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడూ నూనె తీసిన చెక్కా నింపి, చెరువు మధ్యలో పాతిన వాసాలకి వేలాడదీస్తారు. చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి పొడుచుకుని తింటాయి. ఆ పనిచేసే మనిషి పడవలోంచి వంగి, ఒక్కోసారి నడుంలోతు నీళ్లలోకి దిగి కడతాడు. రోజూ అదే వేళకి. చేపలకి మేత వేళా, మాకు టిఫిన్ వేళా ఒకటే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఎలా తడుతుంది, ఆ వేళకి మేం ఎప్పుడూ అక్కడ లేం.

“దిగుతున్నాం బాబాయ్!” అని పడవ మీద మనిషి కేకేశాడు.

“ఆగరా, ఆగు!” అని పెద్దాయన లేచాడు.

గోడ మీద అరచేయి ఆనించి నడిచాడు. కన్ను మసకైన మనిషి నడిచే నడక కాదు అది. అస్సలు కనబడని మనిషి నడక. మెయిన్ స్విచ్చు దగ్గర ఆగి, వేళ్లతో తడిమి, పిడి కిందికి దించాడు. తర్వాత వంగి, మూలుగుతున్న ఇన్వర్టరు చప్పుడు పట్టుకుని, దాని మీద చేయి పెట్టి, మా పెట్టె ప్లగ్గు వెతికి పట్టుకున్నాడు.

“బాబాయ్‌గారూ! తీయొద్దు, తీయొద్దు! లోపల ఎక్కుతోంది!”

నేను మంచంలోంచి లేచేలోపే పీకేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది.

“దిగరా!” అని పడవకి కేకేసి, అప్పుడు నా వైపు తిరిగాడు. “మీరు ఇక్కడే ఉన్నారా అండీ? టిఫిన్‌కెళ్లారనుకున్నాను.”

“ఎందుకు తీశారండీ?”

“మనిషి నీళ్లలోకి దిగుతున్నాడు కదండీ.”

అంతకంటే చెప్పడానికి ఏముందన్నట్టు అన్నాడు.

మంచం మీద నా పక్కన కూర్చుని చెప్పాడు. ఒకప్పుడు తనతో పాటు పడవ వేసిన మనిషి ఒకడుండేవాడు. పక్క చెరువులో మోటారు తీగ తెగి నీళ్లలో పడి ఉంటే చూసుకోకుండా దిగాడు. ఈయన గట్టు మీదుండి చూశాడు. అప్పట్లో కళ్లు బాగానే ఉన్నాయి. అప్పట్నుంచీ ఈ చెరువులో ఒకటే పద్ధతి. పడవ నీళ్లలోకి దిగితే మెయిన్ దించాలి. పడవ గట్టుకి వస్తేనే మెయిన్ ఎత్తాలి. షావుకారు అడ్డొచ్చినా సరే.

“ముందు మెయిన్ దించితే సరిపోయేదండీ. మీరేమో ఈ మూలిగేదాన్ని తెచ్చారు. మెయిన్ దించినా ఇది మూలుగుతూనే ఉంది. దీనికి తగిలించిన పెట్టెలోంచి తీగేమో చెరువులోకి వెళ్లింది. అందుకని దీన్నీ పీకుతున్నాను. పడవ రాగానే మళ్లీ జాగ్రత్తగా పెట్టేస్తున్నాను. తుడిచి మరీ పెడుతున్నాను.”

తుడిచి మరీ పెట్టాడు. ఆ పెట్టె బతకాలని దణ్ణం పెట్టుకునే మనిషే రోజూ దాని ప్రాణం తీసి, తుడిచి, మళ్లీ తగిలిస్తున్నాడు. నేను అంతకుముందు వారమంతా ఇన్వర్టరు కంపెనీని తిడుతూ వచ్చాను.

తప్పెవరిదని అడిగితే ఏం చెప్పను? ఆయన పద్ధతిలో తప్పు లేదు. నీళ్లలో మనిషి ఉండగా నీళ్లలోకి వెళ్లే తీగలో కరెంటు ఉండకూడదు. నాకు కరెంటు నేర్పిన రేడియో మేస్త్రీ కూడా అదే చెప్పేవాడు. సెన్సర్ తీగలో ఉండేది చీమ కుట్టినంత కూడా కాదని మాకు తెలుసు. ఆ మాట ఆయనకి చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

“బాబాయ్‌గారూ, ఆ తీగలో ఉండేది మనిషిని చంపే కరెంటు కాదండీ.”

“ఆ చచ్చినవాడికీ మోటారు మేస్త్రీ అలాగే చెప్పాడండీ.”

మెయిన్ కరెంటుతో సంబంధం తెంచేస్తే తప్ప ఈయన ఒప్పుకోడని అర్థమైంది. గట్టు మీద నా బండి ఉంది. సీటు విప్పి, దాని బ్యాటరీ బయటికి తీశాను. సంచిలో కార్లలో ఫోన్‌కి పెట్టే చార్జర్ ఉంది. దాని మూతి కోసి, రెండు తీగలు బ్యాటరీకి చుట్టాను. పెట్టెని దానికి తగిలించాను. ఎర్ర దీపం వెలిగింది. ఇన్వర్టరు ప్లగ్గు పీకి ఆయన చేతిలో పెట్టాను.

“ఇదిగోండి మీ ప్లగ్గు. ఇప్పుడు పెట్టెకీ గోడకీ చుట్టరికం లేదు. బండి బ్యాటరీ మీద నడుస్తోంది. ఇది మనిషిని ఏమీ చేయదు.” రెండు చేతులూ నీళ్లలో తడిపి, ఆయన వేళ్లని నా చేతుల మీద పెట్టి, బ్యాటరీ కొనలు రెండూ పట్టుకున్నాను. “చూడండి. ఉన్నానా, పోయానా?”

“ఉన్నారండీ. మాట్లాడుతూనే ఉన్నారు.” నా చేతులు వదల్లేదు. “గట్టు మీద సరేనండీ. నీళ్లలో?”

“నీళ్లలో కూడా అంతేనండీ.”

“అయితే దిగండి.”

“నేనా?”

“ఇంకొకణ్ని దింపి చూస్తామా అండీ?”

ప్యాంటు విప్పి, ఆయన తువ్వాలు చుట్టుకుని చెరువులోకి దిగాను. పరగడుపున, తుంపరలో, ఆ వయసులో. కాలికింద బురద మెత్తగా లోపలికి లాగింది. నడుందాకా వెళ్లి సెన్సర్ తీగని చేత్తో పట్టుకున్నాను. బొచ్చెలు వచ్చి పిక్కలు పొడుస్తున్నాయి. పడవ మీద మనిషి సంచి కట్టడం ఆపేసి నన్నే చూస్తున్నాడు. పెద్దాయన నీళ్ల అంచున గొంతుక్కూర్చుని చెవి ఇటు పెట్టాడు.

“మాట్లాడుతూ ఉండండీ. ఆపారంటే నేను తీగ లాగేస్తాను.”

ఏం మాట్లాడను? ఆకలి మీదున్నాను, టిఫిన్ల గురించే మాట్లాడాను. పెదపాడు పెసరట్టు దగ్గర మొదలుపెట్టి గూడెం ఇడ్లీదాకా వచ్చాను. సరిగ్గా అల్లం చట్నీ దగ్గరుండగా స్కూటీ వచ్చి ఆగింది.

అమ్మాయి హెల్మెట్ తీసి, చెరువు వైపు చూసి, మళ్లీ పెట్టుకుంది.

“అంకుల్, రక్త పరీక్ష ఇక్కడా?”

జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ముందు వెళ్లి పెద్దాయన పక్కన కూర్చుంది.

“మేం మీకు చెప్పి ఉండాల్సింది తాతగారూ. ఆ తీగలో ఏముందో, ఎందుకు భయం లేదో ముందే చెప్పాల్సింది.”

“అంకుల్‌గారు చెబుతున్నారు కదమ్మా, ఇందాకట్నుంచీ. పెసరట్టు దాకా అర్థమైంది.”

చెడిపోయిన కార్డు తీసేసి, సంచిలోంచి ఇంకోటి వేసింది. మళ్లీ మొదట్నుంచీ. ఈసారి ఇద్దరం అక్కడే కూర్చున్నాం. పడవ సంచులన్నీ కట్టి గట్టుకొచ్చింది. మెయిన్ ఎత్తారు. నల్ల తెర మీద అక్షరాలు ఆగకుండా దిగుతూనే ఉన్నాయి. తుంపర వానైంది. మధ్యాహ్నం దాటాక సైరన్ ఒక్కసారి కుయ్‌మంది, పరీక్షకని. పెద్దాయన ఉలిక్కిపడి, తర్వాత రెండు చేతులూ జోడించాడు. పెట్టెకో, అమ్మాయికో, వానకో తెలీదు.

“ఎక్కిందా అండీ?”

“ఎక్కింది తాతగారూ.”

నేను సంతోషించి ఉండాలి. మంచం మీద తడి తువ్వాలుతో కూర్చుని, ఇక ఇంటికెళ్లొచ్చు అనుకున్నానంతే.

వెళ్లేముందు అమ్మాయి ఒక పనిచేసింది. ఏరియేటర్ల స్విచ్చులు వరసగా ఉన్నాయి, అన్నీ ఒక్కలాంటివే. స్కూటీ డిక్కీలోంచి వాళ్లింటి ఉన్ని దారం తీసింది. గట్టుకి దగ్గరున్న చక్రం స్విచ్చు పిడికి ఒక ముడి, ఆ తర్వాతదానికి రెండు, ఆ అవతలిదానికి మూడు వేసింది. తివాచీ ముడులు, గిచ్చినా ఊడవు. పెద్దాయన వేళ్లు వాటి మీద ఒకసారి నడిచాయి, ఇంకోసారి నడిచాయి.

“ఇది దగ్గరిది. ఇది మధ్యది. ఇది ఆ మూలది,” అన్నాడు. ఇక చెప్పించుకోలేదు.

ఆయన చూపు ఎంతవరకూ పోయిందో అమ్మాయికీ అర్థమైంది. ఆమె నా మొహం చూసింది, నేను చెరువు చూశాను. షావుకారుకి ఫోన్ చేసి, సాఫ్ట్‌వేర్ ఎక్కింది, సైరన్ మోగుతోంది, మనిషిని మార్చక్కర్లేదు అని మాత్రం చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పడం నేను బళ్లో నేర్చుకోలేకపోయాను. అడగనిదానికి చెప్పకపోవడం మాత్రం బయట నేర్చుకున్నాను.

బ్యాటరీ అక్కడే వదిలేసి, బండి తాళం వేసి, అమ్మాయి స్కూటీ వెనక కూర్చుని తడుస్తూ ఏలూరు వచ్చాను. ల్యాబ్ మూసేశారు.

ముసురు ఆగకుండా పట్టింది. ఆ తర్వాతి తెల్లవారుజామునే సైరన్ మోగిందట. షావుకారు ఫోన్‌కి మెసేజ్ వెళ్లింది. ఆయన కంగారుపడి గూడెం నుంచి కారు వేసుకుని వచ్చేసరికి చక్రాలు మూడూ తిరుగుతున్నాయి, పెద్దాయన గట్టు మీద గొడుగు కింద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్క చెరువుల్లో చేపలు తేలాయి. ఈ చెరువులో తేలిన నాలుగూ మళ్లీ కిందికెళ్లాయి. షావుకారు నాకు ఫోన్ చేసి, “ఆయన్ని ఉండనిస్తానండీ,” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. తెలుసుకోవాలని లేదో, తెలిసే అడగలేదో, నేనూ అడగలేదు. తర్వాత ఆఫీసువాళ్లు చిన్న సోలార్ పలక, పెద్ద బ్యాటరీ పంపారు, నా బ్యాటరీ నాకు తిరిగొచ్చింది. బండి మాత్రం అప్పట్నుంచీ నన్ను నమ్మదు.

ఇందులో నేర్చుకోవాల్సింది ఏముందని అడిగితే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కార్డు మార్చండి, చార్జర్ మార్చండి, అవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి. చెరువు ఏ వేళకి ఏం చేస్తుందో అందులో ఉండదు. ఒక్క పూట టిఫిన్ మానుకుని కూర్చోండి. నేనైతే డాక్టరు చెబితే గానీ కూర్చోలేదు.

దండ వేయించుకున్న మర్నాడు పెద్దాయన్ని చూడ్డానికి వెళ్లాను. పెసరట్లు కట్టించుకుని వెళ్లాను. నా అడుగు చప్పుడుకే లేచి నిలబడ్డాడు. మేత పడవ నీళ్లలో ఉంది, మెయిన్ దించి ఉంది, మా పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఇద్దరం మంచం మీద కూర్చుని తిన్నాం. ఇక రానని చెబుదామని వెళ్లిన మనిషిని, అది చెప్పలేక వేళాకోళం మొదలుపెట్టాను.

“మీ మీద నాకో కోపం ఉండిపోయింది బాబాయ్‌గారూ. మసక, మసక అన్నారు గానీ, కళ్లు అస్సలు కనబడవని నాకొక్కడికైనా చెప్పొచ్చుగా? పోనీ, ప్లగ్గు పీకుతున్నానని చెప్పినా ఇన్ని కార్డులు తగలేసే పనుండేది కాదు.”

పెద్దాయన పెసరట్టు ముక్క నమిలి మింగి, చేయి తువ్వాలుకి తుడుచుకున్నాడు.

“మీకు కనబడతాయి కదండీ,” అన్నాడు. “మీరే చూసుకుంటారనుకున్నాను.”